దోసెడు నీళ్లు





ఈసారి పాఠం ఒక పక్షి గురించి. పిల్లలకు చెప్పే కథే గానీ, పెద్దవాళ్లం చాప పరుచుకుని కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి ఇందులో ఉంది. "నేనొక్కడ్ని చేస్తే ఏమవుతుంది?" అనే మాట మీరు ఎన్నిసార్లు వినుంటారు? ఇంట్లో పెళ్లి బౌద్ధ పద్ధతిలో చేద్దామంటే ఆ మాట. టీ కొట్టులో మనకి వేరే గ్లాసు పెట్టాడు, పద అడుగుదాం అంటే ఆ మాట. ఆదివారం విహారానికి రమ్మన్నా అదే మాట. ఈ కథలో పక్షికి కూడా అదే ఎదురవుతుంది. అన్నది ఎవరో చూడండి, అక్కడే ఉంది అసలు విషయం.

కథ ఎక్కడిదో ముందు తెలుసుకుందాం. క్రీ.శ. 629లో చైనా నుంచి బయలుదేరి ఎడారులు, మంచుకొండలు దాటి మన దేశానికి వచ్చిన భిక్షువు హ్యుయాన్‌త్సాంగ్ పేరు బడి పుస్తకాల్లో చదివే ఉంటారు. ఆయన మన నేల మీద కూడా నడిచాడు. వేంగి ప్రాంతం చూశాడు. ధాన్యకటకంలో, అంటే ఇప్పటి అమరావతి ప్రాంతంలో, కొన్ని నెలలు ఆగి అక్కడి భిక్షువుల దగ్గర మహాసాంఘికుల అభిధమ్మం నేర్చుకున్నాడు. 645లో చైనాకు తిరిగి వెళ్లాక తాను తిరిగిన దేశాల గురించి గ్రంథం తయారు చేశాడు. అందులో, బుద్ధ భగవానుడు మహాపరినిర్వాణం చెందిన కుశినగరం దగ్గరికి వచ్చేసరికి, అక్కడి విహారానికి కాస్త దూరంలో ఉన్న ఒక స్తూపం గురించి రాస్తాడు. ఏ రాజు యుద్ధం గెలిచాడనో కట్టింది కాదది. బోధిసత్వుడు ఒక జన్మలో పక్షిగా ఉండి మంటలార్పిన చోటు ఇదేనని గుర్తుగా నిలబెట్టింది. దాని దగ్గర్లోనే ఇంకో స్తూపం ఒక జింకది. దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

అక్కడ ఒకప్పుడు పెద్ద అడవి ఉండేది. గూళ్లలో పక్షులు, బొరియల్లో జంతువులు, అన్నీ తమ పాటికి తాము బతుకుతున్నాయి. ఒకరోజు గాలి విపరీతంగా లేచింది. ఎక్కడో నిప్పు అంటుకుంది. గాలి ఎటు తిరిగితే మంట అటు తిరుగుతోంది. ఎగరగలిగినవి ఎగిరిపోయాయి, పరిగెత్తగలిగినవి పరిగెత్తాయి. మిగిలినవి పిల్లలున్నవి, ముసలివి, కుంటివి.

అడవికోడి జాతి పక్షి ఒకటి ఉంది. గద్దలాగా ఆకాశంలో తేలేది కాదు, నేల మీద గింజలు ఏరుకుని తిరిగేది. ఆ పక్షికి మిగిలిన ప్రాణాలను చూసి మనసు ఆగలేదు. దగ్గర్లో ఉన్న ఏట్లో మునిగింది. తడిసిన రెక్కలతో పైకి లేచి మంట మీదికి వెళ్లి విదిలించింది. ఎన్ని చుక్కలు పడి ఉంటాయి? మళ్లీ ఏటికి వెళ్లింది. మళ్లీ మునిగింది. మళ్లీ వచ్చింది.

ఇదంతా పైనుంచి ఇంద్రుడు చూశాడు. కిందికి దిగి వచ్చాడు. "ఏం తెలివితక్కువదానివి! ఇంత అడవి కాలిపోతుంటే నీ రెక్కల తడితో ఆరుతుందా? ఊరికే ఒళ్లు అలవగొట్టుకుంటున్నావు" అన్నాడు.

పక్షి అడిగింది: "మాట్లాడేది ఎవరు?"

"నేను ఇంద్రుణ్ణి."

అప్పుడు పక్షి చెప్పిన జవాబు కోసమే ఈ కథను ఇన్ని వందల ఏళ్లు జనం గుర్తుపెట్టుకున్నారని నాకు అనిపిస్తుంది. ఆ జవాబు సారాంశం ఇది: నువ్వు దేవతలకు రాజువి, నీ దగ్గర లేని శక్తి లేదు, అనుకుంటే ఈ మంట ఆర్పడం నీకు అరచెయ్యి తిప్పినంత పని. అలాంటివాడివి ఆ పని చెయ్యకుండా నిలబడి నన్ను ప్రశ్నలు అడుగుతున్నావు. తప్పు ఎవరిది? మంట పెరుగుతోంది, నీతో మాట్లాడే తీరిక నాకు లేదు. అంతే. మళ్లీ ఏటివైపు ఎగిరిపోయింది.

ఇంద్రుడు ఇంకేం మాట్లాడలేదు. దోసిట్లో నీళ్లు తీసుకుని అడవి మీద చల్లాడు. మంట ఆరింది, పొగ పోయింది, ప్రాణాలు దక్కాయి.

ఇదే కథ ఇంకో రూపంలో చిలుక కథగా కూడా బౌద్ధ దేశాల్లో చెప్పుకుంటారు. (మన ఊళ్లలో రామచిలుక అంటారు. మనం ఊరికే చిలుక అనుకుందాం, చిలుకకి పోయేదేం లేదు.) అందులో చిలుక ఆ కొండ మీద కొన్నాళ్లు అతిథిగా ఉండి వెళ్లిపోయిన పక్షి. దూరం నుంచి మంట చూసి తిరిగి వస్తుంది. నువ్వెందుకు వచ్చావు, ఇది నీ కొండ కాదు కదా అంటే, ఇక్కడివాళ్లు నన్ను అన్నదమ్ముల్లా చూసుకున్నారు, చూస్తూ ఊరుకోలేను అంటుంది. ఊరొదిలి హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో స్థిరపడిన మనవాళ్లకు ఆ రూపం చెప్పండి, బాగా ఎక్కుతుంది.

ఇప్పుడు మీకు ఒక అనుమానం వస్తుంది. ఇలాంటి కథ మనకు చిన్నప్పటినుంచీ తెలుసు కదా, ఉడత కథ ఇదే కదా అని. చందా ఇచ్చేటప్పుడు, నలుగురి కోసం చిన్న పని చేసేటప్పుడు "ఉడతాభక్తిగా" అనడం మన నోటికి అలవాటు. వారధి కట్టేటప్పుడు ఉడత ఒంటికి ఇసుక అంటించుకుని వచ్చి రాలుస్తుంది, రాముడు మెచ్చుకుని వీపు మీద నిమురుతాడు, ఆ గీతలు ఉండిపోతాయి. పైకి చూస్తే రెండు కథలూ ఒకటే. చిన్న ప్రాణి, పెద్ద పని. కానీ నిదానంగా చూడండి. ఉడత ఒక యజమాని కోసం, ఆయన యుద్ధం కోసం పని చేస్తుంది. దానికి దక్కిన ఫలం యజమాని చేతి గీత. పక్షికి యజమాని లేడు. ఎవరి మెప్పూ దానికి అక్కర్లేదు. పైగా శక్తి ఉన్నవాడు ఎదురుగా వచ్చి నిలబడితే దండం పెట్టలేదు, "తప్పు ఎవరిది?" అని అడిగింది. ఉడతది భక్తి. పక్షిది ధైర్యం, కరుణలోంచి పుట్టిన ధైర్యం. ఉడతను చిన్నబుచ్చాలని కాదు ఈ మాట. మన పిల్లలకు ఏ కథ ముందు చెప్పాలన్నది మన ఇష్టం కాబట్టి చెబుతున్నాను.

ఇక్కడ మీలో కొందరు ఇంకో ప్రశ్న వేస్తారు, వెయ్యాలి కూడా. 22 ప్రతిజ్ఞలు తీసుకున్నవాళ్లం, దేవుళ్లను నమ్మం, పూజించం అన్నాం. మరి ఈ కథలో ఇంద్రుడేమిటి? పూర్వజన్మలేమిటి?

పాళీలో 547 జాతక కథలు ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల శక్రుడు వస్తాడు. అయితే ఎలా వస్తాడో చూడండి. వేదంలో యజ్ఞం చేయించుకుని సోమం తాగే ఇంద్రుడు కాదు ఇతను. మంచివాళ్లను పరీక్షించేవాడు, వాళ్ల దగ్గర నేర్చుకునేవాడు, ఒక్కోసారి ఈ కథలోలా సిగ్గుపడేవాడు. పాత దేవుణ్ణి తీసుకుని ఆయన స్థానం మార్చేశారు బౌద్ధులు. దేవతల రాజు కూడా ఒక నేలపిట్ట ముందు తల దించుకోవాల్సిందే అని చెప్పడం అప్పటి సమాజంలో చిన్న విషయం కాదు. ఇక జాతకాల గురించి బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో ఒక భేదం చూపించారు. అవతారం అంటే దేవుడు కిందికి దిగి రావడం. ఆయన ఏం చేసినా దేవుడే, నడవడి పరీక్షకు నిలబడక్కర్లేదు. బోధిసత్వుడు అలా కాదు. ఒక్కో గుణాన్నీ సాధించుకుంటూ మెట్టు మెట్టుగా పైకి ఎక్కాలి. అందుకని ఈ పక్షిని మీరు ఏదో జన్మలో నిజంగా జరిగిన సంగతిగా తీసుకోనక్కర్లేదు. పది పారమితల్లో ఒకటైన వీర్యం ఎలా ఉంటుందో చూపించే బొమ్మగా తీసుకోండి. వీర్యం అంటే మొదలుపెట్టిన మంచి పనిని శక్తి కొద్దీ, వెనక్కి చూడకుండా చెయ్యడం.

ఇంద్రుణ్ణి కూడా అలాగే చదవండి. మన చుట్టూ ఇంద్రులు తక్కువేం లేరు. చెయ్యి కదిపితే పని అయ్యే స్థానంలో ఉండి, "నీవల్ల ఏమవుతుందిలే" అని పక్కవాడికి సలహా చెప్పేవాళ్లు. ఆఫీసుల్లో ఉన్నారు, పార్టీల్లో ఉన్నారు, చదువుకుని పైకొచ్చిన మన ఇళ్లలో కూడా ఉన్నారు. కథ వాళ్లను చెడ్డవాళ్లు అనడం లేదు. వాళ్లు కదలడానికి ముందు ఎవరో ఒకరు రెక్కలు తడుపుకోవాలి అంటోంది.

పాళీ జాతకాల్లోనే అడవి మంట గురించి ఇంకో కథ ఉంది, 35వది. అందులో ఒక పూరేడు పిట్ట పిల్ల గూట్లో ఉంటుంది. రెక్కలున్నాయి, ఎగరలేదు. కాళ్లున్నాయి, నడవలేదు. తల్లీ తండ్రీ భయపడి వెళ్లిపోయారు. ఆ పిల్ల తన స్థితిని ఉన్నదున్నట్టు చెప్పి, ఆ సత్యం ఆధారంగా మంటను వెనక్కి వెళ్లమంటుంది. మంట వెనక్కి తగ్గుతుంది. మంట నిజంగా మాట వింటుందా అని నవ్వుకోవచ్చు. నేను మాత్రం ఆ పిల్ల మొదట చేసిన పని చూస్తాను. నాకేం లేదు, నేనిలా ఉన్నాను అని దాచకుండా చెప్పింది. మనలో చాలామందికి ఇప్పటికీ అదే కష్టం. కొత్త ఊళ్లో ఇల్లు అద్దెకు అడిగినప్పుడు, కొత్త ఆఫీసులో భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు "మీరేమిట్లు?" అని అడిగితే గొంతు ఎండిపోతుంది.

కథలు చాలు. జరిగినవి చూద్దాం.

బాబాసాహెబ్ బుద్ధుడి జీవితం రాసినప్పుడు ఆయన ఇల్లు ఎందుకు వదిలాడో పాత కథలా చెప్పలేదు. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి రాత్రికి రాత్రి వెళ్లిపోయాడన్న కథ ఆయనకు నచ్చలేదు. ఆయన చెప్పింది రోహిణీ నది నీళ్ల తగాదా. శాక్యులకూ కోలియులకూ నీళ్ల దగ్గర గొడవ ముదిరింది. శాక్య సంఘంలో సేనాపతి యుద్ధం తీర్మానం పెట్టాడు. అప్పటికి 28 ఏళ్ల సిద్ధార్థుడు లేచి వద్దన్నాడు. మనం ఇద్దర్ని, వాళ్లు ఇద్దర్ని ఎన్నుకుని, ఆ నలుగురూ అయిదోవాణ్ణి ఎన్నుకుంటే, ఆ అయిదుగురూ తేల్చేస్తారు అన్నాడు. ఓటు పెట్టారు. ఓడిపోయాడు. మర్నాడు 20 నుంచి 50 ఏళ్ల శాక్యులందరూ యుద్ధానికి రావాలని తీర్మానం వచ్చింది. మొదటి రోజు ఆయన వైపు ఓటేసినవాళ్లు కూడా ఆ రోజు నోరు విప్పలేదు. ఆయన ఒక్కడే లేచి, నేను రాను అన్నాడు. దేశం విడిచి వెళ్లడానికి తనే ఒప్పుకున్నాడు, తన వాళ్ల మీదికి శిక్ష రాకుండా.

ఇంతవరకు మనలో చాలామందికి తెలుసు. తర్వాత జరిగింది ఎక్కువమంది గుర్తుపెట్టుకోరు. ఆయన వెళ్లిపోయాక కపిలవస్తులో ఊరేగింపులు మొదలయ్యాయని రాస్తారు బాబాసాహెబ్. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు జెండాలు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. కోలియులు మన అన్నదమ్ములే, సిద్ధార్థుడు ఎందుకు వెళ్లిపోయాడో ఆలోచించండి అని అడిగారు. సంఘం మళ్లీ కూర్చోవాల్సి వచ్చింది. ఈసారి రాజీకే మొగ్గు వచ్చింది. రాయబారానికి అయిదుగురు శాక్యుల్ని పంపారు. ఆ రోజు ఓటులో ఓడిపోయిన ఆలోచన ఇంచుమించు అలాగే తిరిగి వచ్చింది. అది చూడటానికి సిద్ధార్థుడు అక్కడ లేడు. మంట ఆర్పిన దోసెడు నీళ్లు ఆయన చేతివి కావు, ఆ వీధుల్లో నడిచిన పేరు తెలియని వాళ్లవి.

దోసెడు నీళ్లంటే మనకు ఇంకో చోటు గుర్తొస్తుంది. మహాడ్.

1923లో బొంబాయి శాసనమండలిలో బోలే తీర్మానం చేయించారు, ప్రభుత్వ డబ్బుతో కట్టిన, నడిచే బావులు, చెరువులు, బడులు అంటరానివాళ్లకూ తెరవాలని. మరుసటి ఏడాది మహాడ్ మునిసిపాలిటీ తమ ఊరి చవదార్ చెరువు తెరుస్తున్నామని తీర్మానించింది. కాగితం మీద తలుపులు తెరిచేశారు. మూడేళ్లు గడిచినా ఆ చెరువులో ఒక్క అంటరానివాడు కూడా చెయ్యి పెట్టలేదు. చట్టం ఉంది, హక్కు ఉంది, నీళ్లున్నాయి. మొదటి చెయ్యి లేదు.

1927 మార్చి 19, 20 తేదీల్లో అక్కడ సభ జరిగింది. కొంకణం పల్లెల నుంచి వేలమంది నడిచి వచ్చారు. 20వ తేదీన అందరూ వరసగా ఊరి మధ్య నుంచి చెరువు దగ్గరికి నడిచారు. బాబాసాహెబ్ మెట్లు దిగి దోసిట్లో నీళ్లు తీసుకుని తాగారు. ఆ తర్వాత వెనకున్నవాళ్లు దిగారు. ఆ నీళ్లు దాహానికి తాగినవి కావు. ఆ నీళ్లు తాగకపోతే చచ్చిపోతామనేం కాదు, మేమూ మనుషులమేనని చెప్పడానికి వచ్చాం అని ఆయనే తర్వాత సభలో వివరించారు.

ఇంద్రుడు దోసెడు చల్లగానే మంట ఆరింది. మహాడ్‌లో ఆరలేదు, రేగింది. వీళ్లు వీరేశ్వరుడి గుడిలోకి కూడా వస్తారంటూ పుకారు లేపి, అన్నాలు తింటున్నవాళ్ల మీద కర్రలతో పడ్డారు. తిరిగి కొట్టే బలం మనవాళ్లకు ఉంది. బాబాసాహెబ్ వద్దన్నారు. ఆ తర్వాత ఊరి పెద్దలు 108 కుండల పంచగవ్యంతో, అంటే పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపిన దానితో, చెరువును శుద్ధి చేశారు. పశువులు దిగి తాగే చెరువు మనిషి తాగితే మైలపడింది! మునిసిపాలిటీ ఇచ్చిన తీర్మానం వెనక్కి తీసుకుంది. కేసు కోర్టుకెక్కింది. అదే ఏడాది డిసెంబరు 25న మహాడ్‌లోనే మనుస్మృతిని కాల్చారు. బొంబాయి హైకోర్టు మనవైపు తీర్పు ఇచ్చేసరికి 1937 మార్చి వచ్చింది. దోసెడు నీళ్లకి పదేళ్లు పట్టింది.

ఇందుకే జింక కథ తర్వాత చెబుతానన్నాను. కుశినగరంలో ఆ రెండో స్తూపం జింకది. అది కూడా అడవి మంటే. ముందు మంట, వెనక ఉధృతంగా పారే ఏరు. ప్రాణాలు ఏటి ఒడ్డున చిక్కుకున్నాయి. జింక ఏటికి అడ్డంగా నిలబడి, తన వీపు మీద నుంచి ఒక్కొక్కదాన్నీ దాటించింది. చర్మం చిట్లింది. అన్నీ దాటాక చివరికి ఒక కుంటి కుందేలు మిగిలింది. ఓపిక లేకపోయినా నిలబడి దాన్ని కూడా దాటించింది. ఆ తర్వాత జింక చనిపోయింది. ఆ చివరి కుందేలే, భగవానుడి చివరి రాత్రి ఆయన దగ్గర ధమ్మం తీసుకున్న ఆఖరి శిష్యుడు సుభద్రుడు అని సంప్రదాయం. పక్షి కథలో ఎవరూ చావలేదు. జింక కథలో చావు ఉంది. రెండు స్తూపాలూ పక్కపక్కనే కట్టినవాళ్లు తెలివైనవాళ్లు. మొదటి స్తూపం ఒక్కటే ఉంటే ధైర్యం చేస్తే చాలు, అన్నీ చక్కబడతాయనుకుని మోసపోయేవాళ్లం.

మన తెలుగు నేలకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. కారంచేడు, అప్పట్లో ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. 1985 జులై 16న మాదిగపల్లె వాళ్ల మంచినీళ్ల చెరువు దగ్గర పైకులం కుర్రాళ్లు గేదెలకు కుడితి పెట్టి, ఆ మురికి చెరువులో కలుస్తున్నా లెక్క చెయ్యలేదు. వద్దన్న అబ్బాయిని కొట్టారు. నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడింది. ఆమె మీదికీ వస్తే చేతిలో ఉన్న బిందె ఎత్తింది. అంతే ఆమె చేసింది. మర్నాడు, జులై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు.

బిందె ఎత్తకపోతే ఆ ఆరుగురూ బతికేవాళ్లు కదా అని అడిగినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ ప్రశ్న ఇంద్రుడి ప్రశ్నే. జవాబు కూడా పక్షి జవాబే: తప్పు ఎవరిది? మంచినీళ్లు పాడుచెయ్యొద్దు అన్న మనిషిదా, ఆ మాటకే చంపినవాళ్లదా?

ఆ బిందె తర్వాత ఏం జరిగిందో చూడండి. బాధితులు ఊరు వదిలి చీరాల చేరారు. అక్కడి శిబిరానికి ఊళ్లకు ఊళ్లు కదిలి వచ్చాయి. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం గారు ఆ పదవికి రాజీనామా చేసి వచ్చి వాళ్ల పక్కన నిలబడ్డారు. కత్తి పద్మారావు గారు ఉద్యమాన్ని ఊరూరా తిప్పారు. అదే ఏడాది దళిత మహాసభ పుట్టింది. "దళితులం" అని తలెత్తి చెప్పుకోవడం మన జిల్లాల్లో అప్పటినుంచే బలపడింది. 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టాన్ని ఇలాంటి పోరాటాల వేడి లేకుండా ఊహించలేం. కోర్టుల్లో మాత్రం కేసు సాగి సాగి సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008. మన అంబేడ్కర్ విగ్రహాల దగ్గర, విహారాల్లో ఎన్నో పటాలు పెట్టుకున్నాం. బిందె పట్టుకున్న ఆడమనిషి బొమ్మ ఒకటి ఉంటే బాగుంటుందని నాకు ఎప్పటినుంచో ఉంది.

ఇన్ని పెద్ద సంగతులు చెప్పుకున్నాక, మన చేతిలో ఉన్న చిన్నదానికి వద్దాం. అప్లికేషన్ ఫారంలో మతం అన్నచోట ఏం రాస్తున్నారు?

దీక్ష తీసుకుని, పంచశీలాలు చదువుతూ, ఇంట్లో బుద్ధుడి పటం పెట్టుకుని కూడా, ఫారం దగ్గరికి వచ్చేసరికి "హిందూ" అని రాసేవాళ్లు మనలో చాలామంది. భయం ఒకటే, రిజర్వేషన్ పోతుందేమోనని. దీక్షలు మొదలైన 1956 నుంచి చాలా ఏళ్లు ఆ భయం నిజమే. కానీ 1990లో చట్టం మారింది. షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో హిందువులు, సిక్కులతో పాటు బౌద్ధుల్ని కూడా చేర్చారు. షెడ్యూల్డు కులంలో పుట్టి బౌద్ధం తీసుకున్నవాడికి ఎస్సీ హోదా పోదు. ఇది మీకు తెలుసు అనుకుంటాం గానీ, ఊళ్లలో అడిగి చూడండి, సగం మందికి తెలీదు. కొన్నిచోట్ల ఆఫీసులో కూర్చున్నవాళ్లకే తెలీదు. "బౌద్ధం రాస్తే సర్టిఫికెట్ రాదు" అని తేలిగ్గా చెప్పేస్తారు. అప్పుడు ఆ 1990 చట్టం కాపీ ఒకటి చేతిలో పెట్టుకుని, గొంతు పెంచకుండా, "అయ్యా, ఇది చూడండి" అనడానికి ఎంత ధైర్యం కావాలి? రెక్కలు తడుపుకున్నంత. మహాడ్‌లో తీర్మానం కాగితం మీద మూడేళ్లు ఎండిపోయినట్టే, ఈ చట్టం మన ఫారాల మీద ఇన్నేళ్లుగా ఎండిపోతోంది.

ఒకరు రాస్తే చాలు. క్యూలో వెనకున్నవాడు చూస్తాడు. "అలా రాయొచ్చా అన్నా?" అని అడుగుతాడు.

ఇంకొక్క పిట్టకథ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే పై సంగతులన్నిటినీ పాడుచేసేది ఇందులో ఉంది. 33వ జాతకంలో పూరేడు పిట్టల గుంపు ఒకటి. వేటగాడు వల వేస్తే, అన్నీ ఒక్కసారి తలలు పెట్టి వలను లేపుకుని ఎగిరిపోయి, ముళ్లపొద మీద దింపి కిందనుంచి తప్పించుకునేవి. వేటగాడు రోజూ ఖాళీ చేతులతో ఇంటికి. అతను భార్యతో ఏమన్నాడో తెలుసా? వాటిలో అవి కొట్లాడుకునే రోజు వస్తుంది, అప్పటిదాకా ఆగుదాం అన్నాడు. వచ్చింది. ఒకటి దిగుతూ పొరపాటున ఇంకోదాని తల తొక్కింది. నువ్వు లేపు వల, లేదు నువ్వు లేపు అని వాదించుకుంటుంటే వేటగాడు వచ్చి వలను ముడిచాడు. మన సంఘాలు ఎన్ని, ఎందుకు చీలాయో నేను రాయక్కర్లేదు. చాలావాటి వెనక ఉన్నది సిద్ధాంతం కాదు, తల తొక్కడమే.

ఇక పాఠం చెప్పేవాళ్లకు ఒక సూచన. ఆదివారం వందన అయ్యాక పిల్లలకు పక్షి కథ చెప్పేటప్పుడు, ఇంద్రుడు నవ్విన చోట ఆపండి. "నువ్వే ఆ పక్షివైతే ఏమంటావు?" అని ఒక్కొక్కర్నీ అడగండి. దండం పెట్టి సాయం అడుగుతామని కొందరంటారు. ఏడుస్తామని కొందరు. "నువ్వు కూడా ఒక బకెట్టు పట్టు" అనే పిల్ల ఒకతి ఉంటుంది. అప్పుడు పక్షి జవాబు చెప్పండి. పక్షి రెక్కలు కాలాయా అని తప్పకుండా అడుగుతారు. కథలో ఆ సంగతి లేదని చెప్పండి. జింక గురించి ఆ రోజే చెప్పాలా, కాస్త పెద్దయ్యాక చెప్పాలా అన్నది పిల్లల్ని చూసి మీరే నిర్ణయించుకోండి. సువార్త బిందె గురించి మాత్రం ఆ రోజే చెప్పండి.

జై భీమ్!